నీటి సమాజాల్లో లక్షణ వైవిధ్యం

ఒక చెరువులోనో సరస్సులోనో సముద్రంలోనో కలిసి బతికే జీవుల ఒంటి కొలత, నోటి తీరు, ఈత వేగం, పెంకు గట్టిదనం, పెరుగుదల వేగం, ఆకలికి ఓర్చుకునే శక్తి వంటి గుణాల్లో ఉండే తేడాలను కలిపి జీవావరణ శాస్త్రంలో లక్షణ వైవిధ్యం అంటారు. జాతుల వైవిధ్యం దీనికి దగ్గరి మాటే గానీ రెండూ ఒకటి కావు. పది జాతులున్నా అన్నీ ఒకే లోతులో ఒకే తిండి తినేవైతే అక్కడ లక్షణ వైవిధ్యం తక్కువ. ఉన్నది ఒకే జాతి అయినా, అందులో కొన్ని చకచకా పెరిగి సులువుగా నోటికి చిక్కేవి, కొన్ని నిదానంగా పెరిగి ఎవరికీ అరగనివి అయితే ఆ ఒక్క జాతిలోనే బోలెడంత వైవిధ్యం దాగి ఉంటుంది. ఏ జీవి ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది, ఒకటి పోతే దాని పని ఇంకొకటి అందుకుంటుందా అన్న ప్రశ్నలకు జవాబు చాలావరకు ఈ తేడాల్లోనే దొరుకుతుంది.

ఈ సంగతి నేల మీద కన్నా నీటిలో త్వరగా బయటపడుతుంది. మర్రిచెట్ల అడవిలో నాలుగు తరాలు మారడం చూడాలంటే శతాబ్దాలు ఆగాలి. ఏకకణ నాచు ఒకటి రెండు రోజుల్లో రెట్టింపవుతుంది. దాన్ని తినే డాఫ్నియా అనే కొద్ది మిల్లీమీటర్ల జీవి వెచ్చని నీటిలో వారం పది రోజుల్లో తల్లి అవుతుంది. ఒక వానకాలం గడిచేలోపు చెరువులో ఎన్నో తరాలు పుట్టి పోతాయి. అందుకే శాస్త్రవేత్తలు ఎర, వేట, పోటీ గురించిన పెద్ద ప్రశ్నలను గాజు సీసాల్లోనూ సరస్సుల్లోనూ అడుగుతూ వచ్చారు.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు

తెలుగు పాఠకులకు ఈ విషయం పాఠంగా కాకపోయినా పనిగా తెలుసు. చేపల చెరువులో మూడు రకాల పిల్లల్ని కలిపి వదలడం వెనక ఉన్నది అచ్చంగా లక్షణ వైవిధ్యమే. బొచ్చెది పెద్ద తల, పైకి తిరిగిన వెడల్పాటి నోరు. మొప్పల లోపల దువ్వెన పళ్లలా సన్నని ముళ్లు దట్టంగా ఉంటాయి. నీటి పైపొరలో తిరుగుతూ జంతు ప్లవకాలను, అంటే నీటిలో తేలే బుల్లి జంతువులను, వడగట్టుకుంటుంది. శీలావతి, అంటే రోహు, నడిమి నీటిలో మేస్తుంది. దాని పెదవుల అంచులు కుచ్చుల్లా ఉంటాయి. ఎర్రమోసు నోరు కిందికి తిరిగి ఉంటుంది. అడుగున కుళ్లుతున్న ఆకు అలము దాని తిండి. మూడింటినీ పక్కపక్కన పెట్టి నోళ్లు చూస్తే చాలు, చెరువులో ఎవరి అంతస్తు ఏదో తెలిసిపోతుంది.

ఈ జతకు గడ్డిచేప, వెండిచేప, బంగారుతీగ తోడైతే ఆరు రకాల మిశ్రమ పెంపకం. 1970వ దశకంలో దేశమంతటా ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇదే. దానికి దారి వేసింది 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు పీయూష గ్రంథి సారం ఎక్కించి కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించిన ప్రయోగం. అంతకు ముందు చేపపిల్ల కావాలంటే నది మీద ఆధారపడాలి. వరద నీటిలో ఏవి దొరికితే అవే. ప్రేరిత ప్రజననం వచ్చాక ఏ నోరు ఎన్ని కావాలో రైతే నిర్ణయించుకోగలిగాడు. జులై 10ని జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నది అందుకే.

ఆరు రకాలు కలిపితే లాభం ఒక్క తిండి పంపకంతో ఆగదు. బంగారుతీగ అడుగు బురదను కెలికితే అందులో ఇరుక్కున్న భాస్వరం, నత్రజని మళ్లీ నీటిలోకి వస్తాయి. గడ్డిచేప వేసే పేడ వృక్ష ప్లవకాలకు ఎరువు. ఒకరి అలవాటు ఇంకొకరికి మేత అవుతున్నదన్నమాట. శాస్త్రంలో దీన్ని పరస్పర పూరకత అంటారు.

ఇంత చెప్పాక కొల్లేరు చుట్టుపక్కల చెరువులు చూస్తే కథ వేరుగా కనిపిస్తుంది. అక్కడ శీలావతిదే రాజ్యం. బొచ్చె కొద్దిగా ఉంటుంది, ఎర్రమోసు దాదాపు ఉండదు. చిల్లులు పెట్టిన బస్తాల్లో నూనె తీసిన తవుడు నింపి, కర్రలకు కట్టి నీటిలో వేలాడదీసే పద్ధతి ఈ డెల్టాలోనే స్థిరపడింది. బస్తాను పొడిచి పొడిచి తినడంలో శీలావతిని మించినది లేదు. ఈశాన్య రాష్ట్రాలు, బెంగాల్ మార్కెట్లు అడిగేదీ అదే. మేత బయటి నుంచి వచ్చి పడుతున్నప్పుడు నీటిలోని మూడు అంతస్తుల తిండిని ముగ్గురికి పంచే అవసరం తగ్గిపోయింది. ఏ లక్షణం విలువైనదో తేల్చేది ఆ లక్షణం ఒక్కటే కాదు, అది ఏ పరిస్థితిలో పనిచేస్తున్నదన్నది కూడా. పుస్తకాల్లో ఈ సూత్రానికి ఇచ్చే ఉదాహరణలకన్నా తవుడు బస్తా మంచి ఉదాహరణ.

ప్లవకాల చిక్కుముడి

1934లో మాస్కోకు చెందిన యువ శాస్త్రవేత్త గియోర్గీ గాజ్ పారమీసియా అనే ఏకకణ జీవుల్లో రెండు రకాలను ఒకే గాజు గొట్టంలో పెంచాడు. ఒకే తిండి కోసం పోటీ పడిన రెండింటిలో ఒకటి కొన్ని వారాల్లో కనుమరుగైంది. జత మార్చి మూడో రకాన్ని పెట్టినప్పుడు రెండూ కలిసి బతికాయి. గొట్టంలోకి తొంగిచూస్తే ఒకటి నీటిలో తేలే బాక్టీరియాను తింటోంది, ఇంకొకటి అడుగున పేరుకున్న ఈస్టును తింటోంది. బొచ్చె, ఎర్రమోసుల పంపకమే, కాకపోతే వేలెడంత గొట్టంలో.

గాజ్ సూత్రం ప్రకారం ఒకే వనరు మీద ఆధారపడేవాటిలో చివరికి ఒకటే మిగలాలి. మరి వృక్ష ప్లవకాల సంగతేమిటి? అన్నిటికీ కావలసింది వెలుతురు, కార్బన్ డయాక్సైడు, నత్రజని, భాస్వరం, ఇంకా ఒకటి రెండు ఖనిజాలు. అవి తేలే నీటిలో గోడల్లేవు, మూలల్లేవు. అయినా ఒక్క సరస్సులో డజన్ల కొద్దీ జాతులు కలిసి ఉంటాయి. 1961లో అమెరికా జీవావరణవేత్త జి. ఎవెలిన్ హచిన్సన్ ఈ ప్రశ్నను ‘ప్లవకాల వైరుధ్యం’ అన్న పేరుతో ముందుపెట్టాడు. సరస్సు ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదని, ఒక జాతి గెలుపు పూర్తయ్యేలోపే గాలి, వేడి, ఎరువు మారి ఆట నియమాలే మారిపోతాయని ఆయన సూచించాడు.

తర్వాతి జవాబులు లక్షణాల వైపు నుంచి వచ్చాయి. 1977లో డేవిడ్ టిల్మన్ ఆస్టీరియోనెల్లా, సైక్లోటెల్లా అనే రెండు డయాటములను వేర్వేరు పాళ్లలో సిలికా, భాస్వరం ఇచ్చి పెంచాడు. డయాటములకు గాజు పెట్టె లాంటి పెంకు ఉంటుంది, దానికి సిలికా కావాలి. ఆస్టీరియోనెల్లాకు కొద్దిపాటి భాస్వరం చాలు. సైక్లోటెల్లాకు కొద్దిపాటి సిలికా చాలు. భాస్వరం కరువైనచోట మొదటిది గెలిచింది, సిలికా కరువైనచోట రెండోది గెలిచింది. ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి కొరతైన మధ్య పాళ్లలో రెండూ నిలిచాయి. ఒకదానిలో పొదుపు నేర్చినది ఇంకొకదానిలో దుబారా చేస్తుంది. రెండూ బతకడానికి ఆ ఎగుడుదిగుడే ఆధారం.

అయితే పరిస్థితులు మారకపోతే ప్లవకాలు స్థిరపడతాయా? జర్మనీలోని రాస్టాక్‌లో రైన్‌హార్డ్ హీర్‌క్లాస్ బాల్టిక్ సముద్రపు నీటిని తొట్టిలో పోసి, వెలుతురూ వేడీ మార్చకుండా 6 ఏళ్లకు పైగా లెక్కించాడు. బాక్టీరియా, నాచు, వాటిని తినేవి అన్నీ ఎగసి పడుతూనే ఉన్నాయి. ఏ రెండు పోటులూ ఒకలా లేవు. 2008లో ఎలిసా బెనింకా బృందం ఆ లెక్కలను విశ్లేషించి ఇది గణితార్థంలో అరాచకమేనని తేల్చింది. 15 నుంచి 30 రోజుల ముందు వరకే అంచనా వేయవచ్చు, ఆపైన లెక్క చెదిరిపోతుంది. వాతావరణ శాఖ కష్టం ఒక తొట్టిలోనే ఉందన్నమాట.

ఒంటి కొలత

నీటిలో ఒక జీవి గురించి ఒక్క ప్రశ్నకే జవాబు దొరుకుతుందంటే, ఎంత పెద్దదని అడగడం మంచిది. కొలత చిన్నదైతే ఒంటి పరిమాణంతో పోల్చినప్పుడు ఉపరితలం ఎక్కువ. పలుచని నీటి నుంచి కూడా పోషకాలు లాక్కోవచ్చు. సముద్రాల నడిమధ్య, ఎరువు దాదాపు లేనిచోట, 0.6 మైక్రాన్ల ప్రోక్లోరోకాకస్ అనే బాక్టీరియా రాజ్యమేలుతున్నది అందుకే. 1980వ దశకం చివరి వరకు అదొకటి ఉన్నదనే తెలియదు. కొలత పెద్దదైతే మునిగే వేగం పెరుగుతుంది, తినేవాళ్ల నోటికి పట్టకుండా తప్పించుకునే వీలూ పెరుగుతుంది. 1972లో షెల్డన్, అతని సహచరులు ఒక వింత ప్రతిపాదన చేశారు. బాక్టీరియా నుంచి తిమింగలం దాకా కొలతను రెట్టింపు మెట్లుగా విభజిస్తే ఒక్కో మెట్టు మీద ఉండే జీవపదార్థం బరువు సుమారుగా సమానమట. మనిషి వేట పెద్ద చేపల మెట్లను కొరికేసిందని తర్వాతి లెక్కలు చూపాయి.

కొలత చుట్టూ జరిగిన పరిశోధనల్లో అమెరికాలోని కనెక్టికట్ సరస్సులది ప్రత్యేక స్థానం. అక్కడి క్రిస్టల్ లేక్ నుంచి 1942లో జాన్ బ్రూక్స్ ప్లవకాల నమూనా తీసి ఉంచాడు. ఆ తర్వాత ఆ సరస్సులోకి హెర్రింగ్ కుటుంబపు చేప ఒకటి చేరింది. 1964లో మళ్లీ చూస్తే పెద్ద డాఫ్నియాలు లేవు. వాటి చోట బాస్మినా లాంటి బుల్లి జీవులున్నాయి. ఎక్కువగా కనిపించే జీవి కొలత సుమారు 0.8 మిల్లీమీటర్ల నుంచి 0.3కు దిగింది. బ్రూక్స్, స్టాన్లీ డాడ్సన్ 1965లో దీన్ని ఇలా వివరించారు: పోటీలో పెద్ద ప్లవకాలదే పైచేయి, ఎక్కువ రకాల నాచును వేగంగా వడగడతాయి. కానీ కళ్లతో చూసి వేటాడే చేప ఉన్నచోట కంటికి ఆనేవే ముందు పోతాయి. చేప లేకపోతే పెద్దవి, ఉంటే చిన్నవి. పెద్దవి పోతే నాచును అదుపులో ఉంచేవాళ్లు పోయినట్టే, నీరు పచ్చబడుతుంది.

క్రిస్టల్ లేక్‌లో చేరిన చేపకు దగ్గరి బంధువు ఏల్‌వైఫ్. దాని అలవాటు గోదావరి తీరవాసులకు వింతగా అనిపించదు. పులస బంగాళాఖాతం నుంచి వరద నీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి ధవళేశ్వరం దాకా వచ్చినట్టే, ఏల్‌వైఫ్ అట్లాంటిక్ నుంచి వసంతంలో సరస్సులకు వస్తుంది. పిల్లలు వేసవంతా అక్కడే మేసి ఆకురాలు కాలంలో సముద్రానికి వెళ్లిపోతాయి. సుమారు 300 ఏళ్ల కిందట వలసదారులు మిల్లుల కోసం వాగులకు అడ్డుకట్టలు కట్టారు. కొన్ని సరస్సుల్లో చేపలు లోపలే చిక్కుకుపోయాయి. అలా ఒకే జాతి రెండు బతుకులు బతకడం మొదలుపెట్టింది.

యేల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పోస్ట్, ఎరిక్ పల్కోవాక్స్ ఈ రెండు రకాల సరస్సులను పోల్చారు. చేప వచ్చి పోయే సరస్సుల్లో వసంతంలో పెద్ద డాఫ్నియాలు విరివిగా ఉంటాయి, చేపపిల్లలు పెరిగేకొద్దీ మాయమవుతాయి, మరుసటి ఏడు మళ్లీ వస్తాయి. చేప ఎప్పుడూ ఉండే సరస్సుల్లో పెద్దవి అసలు కనబడవు. ఏడాది పొడుగునా బుల్లి ప్లవకాలే. ఆ బుల్లి తిండి తినీ తినీ అక్కడి ఏల్‌వైఫ్‌ల నోరు చిన్నదైంది, మొప్పల ముళ్ల మధ్య ఎడం తగ్గింది. చేప ప్లవకాలను మార్చింది, మారిన ప్లవకాలు చేపను మార్చాయి. ఆ వలయం అంతటితో ఆగలేదు. వలస చేపలున్న సరస్సుల డాఫ్నియాలు త్వరగా పెరిగి త్వరగా పిల్లలు కనేలా మారాయని 2011లో మాథ్యూ వాల్ష్, పోస్ట్ చూపించారు. వేసవి చేపపిల్లలు పెద్దవయ్యేలోపు పని ముగించుకోవాలి గదా.

ఎర మారితే లయ మారుతుంది

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట సన్నగిల్లింది. ట్రియెస్టే, ఫ్యూమే, వెనిస్ చేపల మార్కెట్ల లెక్కలు తీసిన ఉంబెర్తో డాంకోనా, వేట తగ్గిన ఏళ్లలో సొరచేపల వంటి వేటచేపల వంతు పెరగడం చూసి ఆశ్చర్యపడ్డాడు. ఆ ప్రశ్నను తన మామ, గణితవేత్త వీతో వోల్తెర్రాకు చెప్పాడు. వోల్తెర్రా 1926లో రాసిన సమీకరణాలు, అంతకు ముందే ఆల్ఫ్రెడ్ లోట్కా రాసినవి, నేటికీ ప్రతి పాఠ్యపుస్తకంలో ఉన్నాయి. ఎర పెరిగితే వేటజీవి పెరుగుతుంది, అది పెరిగితే ఎర తగ్గుతుంది, ఆ వెంట అదీ తగ్గుతుంది. ఎర శిఖరానికి చేరిన తర్వాత పావు చక్రం గడిచాక వేటజీవి శిఖరానికి చేరుతుంది. ఈ సమీకరణాల్లో ఎరలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే.

అవి ఒకటి కాకపోతే ఏమవుతుంది? కార్నెల్ విశ్వవిద్యాలయంలో తకెహితో యోషిదా, నెల్సన్ హేర్‌స్టన్ జూనియర్, స్టీఫెన్ ఎల్నర్ తదితరులు 2003లో ప్రచురించిన ప్రయోగం దీనికి జవాబు. నిరంతరం కొత్త నీరు చేరుతూ పాత నీరు పోతూ ఉండే గాజు పాత్రల్లో క్లోరెల్లా అనే నాచును, దాన్ని తినే రోటిఫర్లనే సూక్ష్మ జంతువులను పెంచారు. కొన్ని పాత్రల్లో నాచు అంతా ఒకే తల్లి సంతతి. ఇంకొన్నింటిలో పలు వంశాల కలగలుపు. మొదటి రకం పాత్రల్లో వోల్తెర్రా చెప్పినట్టే జరిగింది, చిన్న చిన్న చక్రాలు, పావు చక్రం వెనకబాటు. రెండో రకం పాత్రల్లో చక్రాలు చాలా పొడవయ్యాయి. పైగా నాచు బాగా ఉన్నప్పుడు రోటిఫర్లు అట్టడుగున, రోటిఫర్లు శిఖరాన ఉన్నప్పుడు నాచు అట్టడుగున ఉన్నాయి.

కారణం నాచు లోపలే ఉంది. కొన్ని వంశాలు త్వరగా పెరుగుతాయి, కానీ తినేవాడికి సులువుగా అరుగుతాయి. కొన్ని నెమ్మది, కానీ రోటిఫర్ కడుపు దాటి బతికి బయటపడగలవు. రోటిఫర్లు పెరిగితే అరగని వంశాలు మిగిలి విస్తరిస్తాయి. పాత్ర నిండా పచ్చగా నాచు ఉంటుంది, రోటిఫర్లు మాత్రం ఆకలితో చస్తుంటాయి. అవి తగ్గిపోయాక అరగకపోవడం వల్ల ప్రయోజనం లేదు. త్వరగా పెరిగే రుచికరమైన వంశాలు గెలుస్తాయి. అప్పుడు మళ్లీ రోటిఫర్లకు పండగ. విందు ముందున్నా అది తినదగినదో కాదో తేలేదాకా సంఖ్యకు అర్థం లేదు.

అదే బృందం 2007లో మరింత విచిత్రం చూపింది. అరగకుండా ఉండే గుణానికి చెల్లించే మూల్యం బాగా తక్కువైతే నాచు మొత్తం దాదాపు మారకుండా నిలకడగా కనిపిస్తుంది, రోటిఫర్లు మాత్రం ఉయ్యాలలూగుతాయి. ఎర లెక్క మాత్రమే చూసేవాడు ఇక్కడ ఏమీ జరగడం లేదనుకుంటాడు. లోపల మాత్రం వంశాలు ఒకదాని తర్వాత ఒకటి కూలుతూ లేస్తున్నాయి. బాక్టీరియా, వాటిని చంపే వైరస్‌ల విషయంలోనూ ఇదే తంతు. నిజానికి ఇది క్షేత్ర పరిశోధకులకు కాస్త ఇబ్బందికరమైన ఫలితం. సరస్సుల్లో దశాబ్దాల పాటు కూడబెట్టిన లెక్కలు చాలావరకు జాతి పేరు కింద ఒకే గడిలో రాసినవే.

లక్షణం తరాలు మారితేనే మారాలని లేదు. డాఫ్నియా ఉన్న నీటిలో ఛాబొరస్ అనే దోమజాతి లార్వాల వాసన సోకితే పిల్ల డాఫ్నియాల మెడ మీద చిన్న పళ్లు మొలుస్తాయి. ఆ లార్వాలు పట్టేది చిన్నవాటినే, కాబట్టి పళ్లు అవసరమైనదీ చిన్నతనంలోనే. చేప వాసన సోకితే డాఫ్నియాలు చిన్నగా ఉండగానే పిల్లలు పెట్టేస్తాయి, పగటిపూట లోతుకు దిగి రాత్రి పైకి వస్తాయి. ఒకే జన్యురూపం పరిస్థితిని బట్టి వేర్వేరు రూపాలు ఎలా ఇస్తుందో డాఫ్నియాల మీదే గమనించి రిచర్డ్ వోల్టెరెక్ 1909లో ‘ప్రతిస్పందన శ్రేణి’ అన్న భావనను ప్రవేశపెట్టాడు. జన్యుశాస్త్రం అంతటికీ ఆ మాట నీటి జీవి నుంచి అందింది.

ఇలా అవసరం పడ్డప్పుడే తొడుక్కునే కవచం చక్రాల మీద వేరే ప్రభావం చూపుతుంది. నెదర్లాండ్స్‌లో వెర్షూర్, వోస్, వాన్ డెర్ స్టాప్ 2004లో సీనెడెస్మస్ కుటుంబపు నాచు మీద పనిచేశారు. రోటిఫర్లు విడిచే రసాయనం తగిలితే ఈ నాచు కణాలు నాలుగు, ఎనిమిది కలిసి గుంపు కట్టి నోటికి పట్టనంత పెద్దవవుతాయి. కవచం లేని నాచు ఉన్న పాత్రల్లో ఎగుడుదిగుడులు తీవ్రంగా ఉంటే, గుంపు కట్టే నాచు ఉన్నచోట నీరు నిమ్మళంగా ఉంది. వంశాల పోటీ ద్వారా వచ్చే రక్షణ లయను సాగదీస్తే, వాసన పట్టి వెంటనే వచ్చే రక్షణ దాన్ని సద్దుమణిగేలా చేసింది. రెండూ రక్షణలే. తేడా అంతా ఎంత వేగంగా వస్తాయన్న దానిలోనే.

ఒకరి పని ఇంకొకరు

లక్షణాలు కలిసిన జీవులు ఎక్కువుంటే ఒకటి పోయినా పని ఆగదు. కెనడాలోని ఒంటారియోలో పరిశోధనకే కేటాయించిన సరస్సుల్లో 223వ నంబరు సరస్సులోకి డేవిడ్ షిండ్లర్ బృందం 1976 నుంచి ఏటా కొద్దికొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసింది. పీహెచ్ 6.8 నుంచి కొన్నేళ్లలో 5కు దిగింది. నాచు జాతులు మారిపోయాయి, కానీ మొత్తం ఉత్పత్తి తగ్గలేదు. ఆమ్లం ఓర్చేవి వచ్చి ఓర్వలేనివాటి చోటు నింపాయి. మీది అంతస్తులో అలా జరగలేదు. మైసిస్ అనే రొయ్యలాంటి జీవి, ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప ముందే పోయాయి. వాటి స్థానంలోకి వచ్చిన ఇంకో చిన్న చేప కొన్నాళ్లు ఆదుకుని, అదీ తగ్గింది. పెద్ద ట్రౌట్ చేపలు ఆమ్లానికి చావలేదు, తిండి లేక బక్కచిక్కిపోయాయి. నాచుల్లో ప్రత్యామ్నాయాలు డజన్లు. మైసిస్‌కు ఒక్కటీ లేదు.

అరేబియా సముద్రంలో ఇప్పుడు నడుస్తున్న మార్పు దీనికి తలకిందులు. 2000 తర్వాతి శీతాకాలాల్లో ఉత్తర భాగంలో డయాటములకు బదులు ఆకుపచ్చ నాక్టిలూకా పెద్ద ఎత్తున కనిపిస్తోంది. ఈ ఏకకణ జీవి ఇతరులను మింగుతుంది, తన ఒంట్లోనే వేలకొద్దీ ఆకుపచ్చ నాచు కణాలను పెంచుకుంటుంది కూడా. వేటా సేద్యమూ ఒకేచోట. కోపీపాడ్లనే చిన్న జంతు ప్లవకాలకు ఇది మింగుడుపడదు, సాల్ప్‌లు, జెల్లీచేపలు తింటాయి. అంటే చేపల దాకా చేరే దారి మారుతుంది. తక్కువ ఆక్సిజన్ నీరు పైకి రావడమే దీనికి కారణమని ఒక వర్గం అంటుంటే, ఆ లెక్కతో విభేదించే పరిశోధకులూ ఉన్నారు.

కాన్‌స్టాన్స్ సరస్సు

జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల నడుమ 536 చదరపు కిలోమీటర్లలో పరచుకున్న కాన్‌స్టాన్స్ సరస్సు ఈ మొత్తం కథను ఒకేచోట చూపగలిగే అరుదైన చోటు. అందులో భాస్వరం 1950కు ముందు లీటరుకు 10 మైక్రోగ్రాములకు లోపే. మురుగునీరు, బట్టలసబ్బు పొడులు, పొలాల ఎరువు కలిసి 1980 ప్రాంతానికి దాన్ని 80 దాటించాయి. నాచు విస్తరించింది, అందులో విషపు సయనోబాక్టీరియాలూ ఉన్నాయి. హుస్సేన్‌సాగర్ గట్టు మీద నడిచినవారికి ఆ పచ్చని చిక్కటి తెట్టె చెప్పనక్కర్లేదు.

డాఫ్నియాలు చలికాలం, కరువుకాలం తట్టుకోవడానికి గట్టి పెంకు గల గుడ్లు పెడతాయి. అవి అడుగు బురదలో పడి పొరలు పొరలుగా దశాబ్దాలు నిద్రపోతాయి. కార్నెల్ రోటిఫర్ల ప్రయోగంలో ఉన్న హేర్‌స్టనే తన సహచరులతో ఇక్కడి బురద పొరలు తీసి, వేర్వేరు కాలాల గుడ్లను పొదిగించాడు. 1999లో వెలువడిన ఫలితం ఇది: సరస్సు పాడవకముందు నాటి గుడ్ల నుంచి వచ్చిన డాఫ్నియాలు మైక్రోసిస్టిస్ అనే విషపు సయనోబాక్టీరియా కలిసిన మేత తిని సరిగా ఎదగలేకపోయాయి. సరస్సు పచ్చబడ్డాక పెట్టిన గుడ్ల నుంచి వచ్చినవి దాన్ని తట్టుకున్నాయి. ఆ మార్పుకు పట్టింది సుమారు పదేళ్లు. అడుగు బురదే సరస్సుకు చిట్టా పుస్తకమైంది.

చేపల విషయంలో సరస్సు అంత అదృష్టానికి నోచుకోలేదు. ఫెల్‌షెన్ అని స్థానికులు పిలిచే తెల్లచేపలు ఒకే పూర్వీకుల నుంచి మంచుయుగం తర్వాత పలు రూపాలుగా విడిపోయాయి. కొన్ని నడిమి నీటిలో ప్లవకాలు తినేవి, కొన్ని ఒడ్డున, ఒకటి అయితే లోతుల్లోనే గుడ్లు పెట్టే కిల్ష్. వాటి మొప్పల ముళ్ల సంఖ్య వాటి తిండిని బట్టి ఉంటుంది. నీరు చిక్కబడి అడుగున ఆక్సిజన్ తగ్గేసరికి లోతులో గుడ్లు నిలవలేదు. వేర్వేరు లోతుల్లో గుడ్లు పెట్టే కట్టుబాటు సడలి రకాలు కలిసిపోయాయి. 1970వ దశకం తర్వాత కిల్ష్ కనబడలేదు. స్విట్జర్లాండ్‌లోని పలు సరస్సుల్లో ఇలాగే జరిగిందని పాస్కల్ వోన్లాంటెన్ బృందం 2012లో చూపింది. అంతరించిన చేప జన్యువుల్లో కొంత భాగం బతికున్న బంధువుల్లో ఇంకా ఉందని ఆ తర్వాతి అధ్యయనాలు కనుగొన్నాయి. మనిషి పోయినా ముక్కు తీరు మనవళ్లలో మిగిలినట్టు.

మురుగుశుద్ధి కేంద్రాలు పెట్టి, బట్టలసబ్బుల్లో ఫాస్ఫేట్లు ఆపి మూడు దేశాలూ కలిసి నీటిని మళ్లీ బాగుచేశాయి. ఇప్పుడు భాస్వరం 10కి లోపే ఉంటోంది. నీరు తేటపడింది, నాచు తగ్గింది, దానితోపాటు డాఫ్నియా, తెల్లచేపల పెరుగుదల కూడా. ఒడ్డుకు దగ్గరగా ఉండే మూడు ముళ్ల స్టికిల్‌బ్యాక్ అనే వేలెడు చేప 2012 ప్రాంతంలో ఒక్కసారిగా నడిసరస్సుకు దూసుకొచ్చింది. అది తెల్లచేపలు తినే ప్లవకాలనే తింటుంది, తెల్లచేపల గుడ్లనూ పిల్లలనూ తింటుంది. పట్టుబడి బాగా పడిపోవడంతో 2024 జనవరి నుంచి మూడేళ్లపాటు తెల్లచేపల వేటను నిషేధించారు. దీనికి ముందే, 2016లో, నల్లసముద్ర తీరాల నుంచి వచ్చిన క్వాగా అనే ఆల్చిప్ప సరస్సు గట్లకు, తాగునీటి గొట్టాలకు అంటుకుంది. అదిప్పుడు లోతులకు దిగుతోంది. అది వడగట్టుకు తినేది డాఫ్నియాలు తినే నాచునే.